చెవులు ఆరబెట్టుకునే చోటు

పన్నెండు గంటల డ్యూటీ దిగి
మెర్వి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెడుతుంది.
చెవుల్లోంచి మాత్రం అవి దిగవు.

నూట పన్నెండుకి ఫోన్ చేసినవాళ్ళెవరూ
కథ చివరిదాకా చెప్పరు.
వీధి మొగలో సైరన్ వినబడగానే లైను తెగిపోతుంది.
మెట్ల మీంచి జారిన ముసలాయన లేచాడో లేదో,
"అమ్మ లేవట్లేదు" అన్న ఆరేళ్ళ పిల్లకి
తలుపు గడియ అందిందో లేదో,
మళ్ళీ చేసి చెప్పరు.
చెప్పాలని రూలేం లేదు కూడా.

తిన్నగా ఇంటికి వెళ్తే ఏమవుతుందో
ఒకసారి అయింది.
రెండో సాక్సు ఏదిరా అని అడిగింది కొడుకుని,
అదే గొంతుతో.
వాడు బిక్కమొహం వేసి
ఇంటి నంబరు, వీధి పేరు, పిన్‌కోడు
గడగడా అప్పజెప్పాడు.

అప్పట్నుంచి రెండు స్టాపుల ముందే బస్సు దిగుతోంది.
కువోపియో ఊరి చివర, పడవల షెడ్ల వెనక,
బిర్చి చెట్ల మధ్య బూట్లు దిగబడే దారి.
దారి ఆగిపోయినచోట కల్లవేసి సరస్సు,
ఒడ్డున ఒక బండరాయి.
చూడ్డానికి గొప్పేం కాదు.
ఫోటో తీస్తే అవతలి ఒడ్డున మిల్లు పొగగొట్టం పడుతుంది.
ఇక్కణ్ణుంచి ఎవరైనా ఫోన్ చేస్తే
ఎక్కడున్నామని చెబుతారు?
మొదటిరోజు ఆమెకి వచ్చిన ఆలోచన అదే.
రాయి మీద మాత్రం ఓ పల్లం ఉంది,
ఆమె కొలత తీసుకుని చెక్కినట్టు.

మొదటి పది నిమిషాలూ ఏమీ జరగదు. నిజం చెప్పాలిగా.
బుర్రలో ముసలాయన జారుతూనే ఉంటాడు.
నీళ్ళు రాతిని తడతాయి, ఊరుకుంటాయి, మళ్ళీ తడతాయి.
దానికి జవాబివ్వక్కర్లేదని
చెవులకి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

ఓ సాయంత్రం బాతు ఒకటి మునిగింది.
ఉద్యోగపు అలవాటు, లెక్కపెట్టింది.
పది. ఇరవై. ముప్పై ఒకటి.
ఎక్కడో దూరంగా, ఎవరికీ సంబంధం లేనట్టు
తల విదిలించుకుంటూ తేలింది.
"తేలావా తల్లీ" అంది పైకే.
ఆ రోజు మొత్తం మీద
ఆఖరుదాకా చూసిన సంగతి అదొక్కటే.

అక్టోబరులో ఒకరోజు
పల్లంలో ఎవరో కూర్చుని ఉన్నాడు.
నారింజరంగు కోటు, రోడ్ల మంచు ఎత్తే బండి మనిషి,
డబ్బాలోంచి చేప తింటున్నాడు.
మెర్వికి ఒళ్ళు మండింది. సొంత మంచం మీద
పరాయివాడు పడుకున్నట్టు.
అతను చూశాడు. మాట్లాడలేదు. పక్కకి జరిగాడు.
ఆ దేశంలో అది పెద్ద ఉపన్యాసమే.

ఎగుడు దిగుడు అంచున కూర్చుంది. గుచ్చుకుంది.
చాలాసేపటికి అన్నాడు:
"ఇరవై మూడేళ్ళుగా తెల్లారగట్ల వచ్చేవాణ్ణి.
ఈ నెలనుంచి షిఫ్టు మార్చారు."
అంటే ఆ పల్లం
తన కొలత కాదు. అతని కొలతా కాకపోవచ్చు.
ఎన్ని డ్యూటీలు దిగినవాళ్ళు
కూర్చుంటే రాయి మెత్తబడుతుందో!
బాతులు అప్పటికే దక్షిణానికి పోయాయి.
ఇద్దరూ ఖాళీ నీళ్ళనే చూశారు.
అదీ సరిపోయింది.

ఇప్పుడు ఫిబ్రవరి. రాయి నడుం లోతు మంచు కింద ఉంది.
మెర్వి వారం రోజులుగా అటు వెళ్ళలేదు.
రాత్రి మూడింటికి ఎవరో ఆడమనిషి,
మాట కంటే ముందు ఏడుపు వస్తోంది లైన్లో.
మెర్వి ఎడమ అరచెయ్యి
తనకి తెలియకుండానే బల్ల మీద పరుచుకుంది,
వేళ్ళు విడిగా, రాతి మీద పరిచినట్టు.

"ఉన్నాను, వింటున్నాను" అంది.
"ఎక్కడున్నారో చెప్పండి."
నీళ్ళు తట్టి, ఊరుకుని,
మళ్ళీ తట్టినంత నెమ్మదిగా.